ముల్లు మారితే మోక్షం

అమెరికాలో సంగీత వ్యాపారం లెక్కలు కట్టే ల్యూమినేట్ సంస్థ 2022లో ఒక సర్వే చేసింది. అంతకు ముందు ఏడాదిలో వినైల్ రికార్డులు కొన్నవాళ్ళలో రికార్డ్ ప్లేయరు ఉన్నవాళ్ళు సగంమందేనని తేలింది. మిగతా సగంమంది రికార్డు కొని, అట్ట చూసి మురిసిపోయి, అల్మరాలో నిలబెట్టి, పాట మాత్రం ఫోన్లో వింటున్నారన్నమాట. ఆ వార్త చదివి లోకమంతా నవ్వింది. నాకు మాత్రం వాళ్ళ మీద గౌరవం పెరిగింది. వాళ్ళ ఖర్చు రికార్డు దగ్గర ఆగిపోయింది. నవ్వాల్సింది ప్లేయరున్న రెండో సగాన్ని చూసి. వాళ్ళ ఖర్చు రికార్డు దగ్గర మొదలవుతుంది.

ఈ నాలుగు మాటలూ ఆ రెండో సగం గురించి. పాట వినడానికి యంత్రం కొని, ఇప్పుడు యంత్రాన్ని వినడానికి పాటలు కొంటున్న పుణ్యాత్ముల గురించి.

మొదట్లో అందరూ అమాయకులే. చూడ్డానికి ముచ్చటగా ఉందని సూట్‌కేసు లాంటి ప్లేయరొకటి కొంటారు. మూత తీస్తే లోపలే పళ్ళెం, లోపలే బుల్లి స్పీకర్లు. దాని ముల్లు రికార్డు మీద అయిదారు గ్రాముల బరువు మోపుతుంది. మంచి కార్ట్రిడ్జ్, అంటే ముల్లుని పట్టుకునే డబ్బీ, మోపేది రెండు గ్రాములకి అటూ ఇటూగా. ఎవరో పెద్దమనిషి వచ్చి "అది రికార్డుల్ని తినేస్తుందండీ" అంటాడు. ఆ మాటలో నిజముంది. సూట్‌కేసు అటకెక్కి, దాని చోట్లోకి బెల్టుతో తిరిగే సిసలైన ప్లేయరొకటి వస్తుంది. ఇక్కడిదాకా నాకే పేచీ లేదు. ఈ మెట్టు దగ్గర తేడా మా అత్తగారి చెవికి కూడా తెలుస్తుంది. చిక్కంతా ఆ తర్వాతే. మొదటి మెట్టు నిజమైంది కదా అని మిగతా మెట్లన్నీ నిజమేనని నమ్మడం ఇక్కణ్ణించి మొదలవుతుంది.

గోచీని ఎలుక కొరుకుతోందని పిల్లినీ, పిల్లి పాల కోసం ఆవునీ, ఆవుని మేపడానికి ఇల్లాలినీ తెచ్చుకున్న సన్యాసి కథ మనందరికీ తెలుసు. ఆ సన్యాసికి చివరికి ఒక సంసారమైనా దక్కింది. వినైల్ సన్యాసికి అదీ లేదు, ఉన్న సంసారం చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడి చూస్తూ ఉంటుంది. ప్లేయరు మంచిది వచ్చింది కాబట్టి ముల్లు మంచిది కావాలి. ముల్లు మంచిదయ్యేసరికి, దాన్నించి వచ్చే సన్నటి స్వరాన్ని పెంచే ఫోనో స్టేజి లోపాలు బయటపడతాయి. ఫోనో స్టేజి మారిస్తే ముల్లుని మోసే ఆర్మ్ బలహీనత తెలిసిపోతుంది. ఆర్మ్ మార్చాక ప్లేయరు పెట్టిన బల్ల కంపిస్తోందని అర్థమవుతుంది. బల్ల మార్చాక, పాపం, ఆ మొదటి ప్లేయరు ఈ పరివారానికి తగదు.

ముల్లు దగ్గరే కాసేపు ఆగుదాం. డెన్మార్క్‌కి చెందిన ఓర్టోఫాన్ కంపెనీ 2ఎం రెడ్, 2ఎం బ్లూ అని రెండు కార్ట్రిడ్జ్‌లు అమ్ముతుంది. రెంటికీ ఒళ్ళు ఒకటే. రెడ్ ఉన్నవాడు ముల్లు ఒక్కటి పీకి బ్లూ ముల్లు గుచ్చుకుంటే రెడ్ కాస్తా బ్లూ అయిపోతుంది. ఈ రంగంలో ఉన్నంతలో నిజాయితీగల మెట్టు ఇదే. ఏది మారిందో కంటికి కనిపిస్తుంది, ఎందుకు మారిందో వాళ్ళు చెబుతారు. కానీ రెడ్ కొన్నరోజే బ్లూ గురించి చెవిలో వేస్తారు, బ్లూ కొన్నరోజే బ్రాంజ్ గురించి. ఆపైన మూవింగ్ కాయిల్ అనే మహామండపం. మామూలు కార్ట్రిడ్జ్ అయిదు మిల్లీవోల్టుల దాకా ఇస్తే ఇది సాధారణంగా అర మిల్లీవోల్టుకి మించి ఇవ్వదు. ఇచ్చేది తగ్గేకొద్దీ పుచ్చుకునేది పెరగడం ఈ వ్యాపారంలోనే చూశాను. ఆ బలహీనమైన స్వరాన్ని లేపి నిలబెట్టడానికి మళ్ళీ కొత్త ఫోనో స్టేజి కావాలి. పైగా వీటిలో చాలావాటికి ముల్లు అరిగితే ఇంట్లో మార్చుకునే వీలుండదు, మొత్తం కంపెనీకి పంపించాల్సిందే.

మా బావమరిది కొండాపూర్‌లో ఉంటాడు, సాఫ్ట్‌వేరు. వాడింట్లో హాలుని హాలు అనకూడదు, లిజనింగ్ రూమ్ అనాలి. దసరాకి భోజనానికి పిలిస్తే వెళ్ళాం. వెళ్ళేసరికి కంసాలి భూతద్దం కంటికి తగిలించుకుని కార్ట్రిడ్జ్ బిగిస్తున్నాడు. న్యూజెర్సీ నుంచి ఎవరో మిత్రుడు సాక్సులో చుట్టి తెచ్చిపెట్టాడట. వెంట్రుకంత తీగలు నాలుగు, తెలుపు, నీలం, ఎరుపు, ఆకుపచ్చ. ఒక్కొక్కటీ ట్వీజరుతో పట్టి, వెనకున్న పిన్నులకి తొడుగుతున్నాడు. అది అయ్యాక గళ్ళు గీసిన అద్దపు పలక పళ్ళెం మీద పరిచి, దాని మీదున్న చుక్క మీదికి ముల్లుని దించాడు. కార్ట్రిడ్జ్ అంచు గీతకి వంకర లేకుండా రావాలి. రాలేదు. మర సడలించాడు, గోరంత జరిపాడు, మళ్ళీ దించాడు. "బావగారూ, ఏమనుకోకండి, ఊపిరి కొంచెం నెమ్మదిగా" అన్నాడు.

నిజానికి ఇది చెయ్యాల్సిన పనే. చక్కగా చేశాడు కూడా. ఒక చివర బిగించిన ఆర్మ్ రికార్డు మీద వంపుగా కదులుతుంది కాబట్టి, ముల్లు గాడికి సరిగ్గా సూటిగా నిలబడేది మొత్తం రికార్డులో రెండంటే రెండు చోట్ల. మిగతా అంతటా ఎంతో కొంత వంకరే. ఆ రెండు చోట్లు ఎక్కడుండాలన్న దాని మీద బేర్వాల్డ్ శాఖ, లోఫ్‌గ్రెన్ శాఖ, స్టీవెన్‌సన్ శాఖ అని మూడున్నాయి. మావాడు బేర్వాల్డ్ శాఖ. ఆఫీసులో వాడి పక్క సీటతను స్టీవెన్‌సన్ శాఖ. క్యాంటీన్లో ఇద్దరూ వేరువేరు బల్లల దగ్గర కూర్చుంటారని విన్నాను.

తర్వాత అసలు పరీక్ష. ఒకే పాటని ముందు ఉన్ని మ్యాట్ మీద వేశాడు. ఆపాడు. కార్కు మ్యాట్ పరిచి అదే పాట. ఆపాడు. తోలు మ్యాట్. "విన్నారా బావగారూ? తబలా వెనక గాలి వచ్చింది" అన్నాడు. నాకు తబలా వినిపించింది. గాలి ఫ్యానుది. వంటింట్లోంచి మా అత్తగారు కేకేశారు: "ఒరేయ్, ఆ పాట చరణం దాకా ఎప్పుడైనా వెళ్తుందట్రా?"

ఆవిడ అడిగినంత గట్టి ప్రశ్న ఏ ఆడియో పత్రికా ఇంతవరకూ అడగలేదు. వాళ్ళ భాష వేరు. అక్కడ ప్రతి కొత్త వస్తువుతోనూ ఒక తెర తొలగిపోతుంది. నేపథ్యం నల్లబడుతుంది. గాయని గదిలోకి నడిచి వస్తుంది. కిందటేడు కొన్న వస్తువుతోనూ ఇదే తెర తొలగింది, ఆవిడ ఇలాగే నడిచి వచ్చింది. ఇన్నేళ్ళుగా తీస్తున్నా ఇంకా తెరలు మిగిలే ఉన్నాయంటే, ఆ పాట రికార్డు చేసినప్పుడు స్టూడియోవాళ్ళు గాయని చుట్టూ ఎన్ని కట్టారో దేవుడికి తెలియాలి.

ఈ సంప్రదాయానికి గురుపీఠం స్కాట్లాండులోని గ్లాస్గో. 1970ల మొదట్లో అక్కడ లిన్ కంపెనీ సోండెక్ ఎల్‌పీ12 అనే ప్లేయరుని బయటికి తెచ్చింది. అప్పటిదాకా లోకం స్పీకరే ముఖ్యమని, ప్లేయరు సరైన వేగంతో తిరిగితే చాలునని అనుకునేది. కంపెనీ అధిపతి ఐవర్ టీఫెన్‌బ్రున్ ఆ వరసని తిరగేశాడు. గాడిలోంచి పైకి రాని స్వరాన్ని ఆ తర్వాత వచ్చే ఏ యంత్రమూ పుట్టించలేదు, కాబట్టి డబ్బు ముందు ప్లేయరు మీద పెట్టాలన్నాడు. తర్కం వినడానికి నిక్షేపంలా ఉంది. ప్లేయర్లు అమ్మేవాడికి ఇంకా నిక్షేపంలా ఉంది. గదీ స్పీకరూ కలిసి పాటకి చేసే మార్పు ముందు, రెండు మంచి ప్లేయర్ల మధ్య తేడా సోదిలోకి కూడా రాదన్న సంగతి మాత్రం ఆ తర్కంలో ఎక్కడా కనిపించదు.

ఆ ఎల్‌పీ12కి జరిగిన సేవలు చూడండి. 1982లో వాల్‌హల్లా అనే కరెంటు సర్క్యూటు. 1990లో లింగో. 1993లో సర్కస్ అనే బేరింగు, పేరు నేను పెట్టింది కాదు, కంపెనీవాళ్ళదే. 2007లో కీల్, 2009లో రాడికల్, 2020లో కరౌసెల్. పాతది పారెయ్యక్కర్లేకుండా భాగాలు మార్చుకోవచ్చు కదా అంటారు భక్తులు. మంచి గుణమే. కానీ లెక్క సరిచూడండి. ప్రతి కొత్త భాగంతోనూ రాత్రికీ పగలుకీ ఉన్నంత తేడా వచ్చిందన్నారు. అంటే 1982లో సర్వోత్తమమని పొగిడిన యంత్రం 1990 నాటికి రాత్రి. 1990లో పొగిడింది 1993కి రాత్రి. ఇన్ని రాత్రుల్లో కూర్చుని పొగిడినవాళ్ళు ఎవరు? ఆ పత్రికలే, ఆ చెవులే. చివరికి 2023లో ఆ ప్లేయరుకి యాభయ్యేళ్ళు నిండాయని, ఐఫోనుకి రూపం ఇచ్చిన జోనీ ఐవ్ బృందం చేత మెరుగులు దిద్దించి 250 ప్లేయర్లు అమ్మారు. ఒక్కొక్కటి 50 వేల పౌండ్లు. మన డబ్బులో చెబితే అర కోటి దాటుతుంది. ఐవ్ బృందం చేతి చలవలో మూత కీలూ, ఆన్ చేసే మీటా ఉన్నాయి.

టీఫెన్‌బ్రున్‌కి ఒక విషయంలో మాత్రం దణ్ణం పెట్టాలి. డిజిటల్ అనేది పాటని చంపేస్తుందని, తన చెవికి ఇట్టే తెలిసిపోతుందని ఆయన గట్టిగా వాదించేవాడు. 1984లో కెనడాకి చెందిన ఆడియో శాస్త్రవేత్త స్టాన్లీ లిప్‌షిట్జ్ తదితరులు పరీక్ష పెడతామంటే కూర్చున్నాడు. రికార్డు నుంచి వస్తున్న స్వరాన్ని మధ్యలో సోనీ డిజిటల్ యంత్రం గుండా ఒకసారి పంపి, ఒకసారి పంపకుండా వినిపించారు. ఎప్పుడు పంపారో, ఎప్పుడు పంపలేదో ఆయన చెప్పలేకపోయాడు. ఆ నివేదిక బోస్టన్ ఆడియో సొసైటీ పత్రికలో అచ్చయింది. ఆయన కనీసం కూర్చున్నాడు. ఆయన శిష్యులూ ప్రశిష్యులూ ఈ నలభయ్యేళ్ళుగా ఆ కుర్చీ వైపు చూడనైనా చూడటం లేదు. "గంతలు కడితే చెవి ఒత్తిడికి లోనవుతుందండీ" అంటారు. లక్ష రూపాయల బిల్లు కట్టినప్పుడు లోనుకాని చెవి చేతిరుమాలు కట్టగానే లోనవుతుందట.

పళ్ళేన్ని తిప్పే పద్ధతిని బట్టి ఇందులో కులాలు కూడా ఉన్నాయి. బెల్టు కులం, డైరెక్ట్ డ్రైవ్ కులం, పాత గారార్డ్ 301 లాంటి వాటితో ఐడ్లర్ కులం. బెల్టువాళ్ళు డైరెక్ట్‌వాళ్ళని పంక్తిలో కూర్చోనివ్వరు, ఎందుకంటే డైరెక్ట్ డ్రైవు టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200ని డీజేలు తాకారు. 1972లో ఇళ్ళ కోసం పుట్టిన ప్లేయరది. 1979లో వచ్చిన మార్క్ 2 రకంలో వేగం హెచ్చుతగ్గులు 0.025 శాతమే. రాత్రంతా నైట్ క్లబ్బులో చేత్తో వెనక్కీ ముందుకీ తిప్పినా చెక్కుచెదరలేదు. ఆ పాపానికి అది సంగీతానికి పనికిరాదన్నారు. 2010లో తయారీ ఆపేశారు. 2016లో అదే రూపంలో, ఎన్నో మార్పులతో, నాలుగు వేల డాలర్ల ధరతో తిరిగి వచ్చింది. ధర పెరగగానే కులం మారింది. ఇప్పుడు పంక్తిలోనే కూర్చోబెడుతున్నారు.

సరే, వేగం సంగతి వచ్చింది కాబట్టి ఎవరూ మాట్లాడని ఒక బెజ్జం గురించి మాట్లాడుకుందాం. రికార్డు మధ్యలో ఉండే బెజ్జం. అది సరిగ్గా మధ్యలో పడటం అరుదు. ఫ్యాక్టరీలో గాడుల కేంద్రం ఒకచోట, బెజ్జం ఒకచోట పడుతుంటాయి. అర మిల్లీమీటరు పక్కకి పడిందనుకోండి. కేంద్రం నుంచి పది సెంటీమీటర్ల దూరంలో ముల్లు ఉన్నప్పుడు, పళ్ళెం తిరిగే ప్రతి చుట్టులోనూ వేగం అర శాతం పెరిగి అర శాతం తగ్గుతుంది. అంటే 1979 నాటి టెక్నిక్స్ లోపానికి ఇరవై రెట్లు. బిస్మిల్లా ఖాన్ షహనాయి మీద నిలబెట్టిన స్వరం 1.8 సెకన్లకోసారి ఊగుతుంది. మీ ప్లేయరు యాభై వేల రూపాయలదైనా, యాభై వేల పౌండ్లదైనా ఒకేలా ఊగుతుంది. లోపం రికార్డులో ఉంది, ప్లేయరు దాన్ని భక్తిశ్రద్ధలతో వినిపిస్తుంది, అంతే.

దీనికి మందు లేదా అంటే ఉంది. జపాన్ కంపెనీ నకామిచి 1980ల మొదట్లో టీఎక్స్-1000 అనే ప్లేయరు చేసింది. అది గాడులు ఎంత పక్కకి ఉన్నాయో ముందు తనే కొలిచి, పళ్ళేన్ని అంత జరుపుకుని, అప్పుడు పాట మొదలుపెట్టేది. ఆ పద్ధతిని పరిశ్రమ దాదాపుగా మరిచిపోయింది. కొలిస్తే కనిపించే జబ్బుకి దొరికిన మందుని మూలపడేసి, కొలిచినా కనిపించని జబ్బులకి రకరకాల లేహ్యాలు అమ్ముతోంది. ఓపికున్నవాడు గుండ్రటి ఆకురాయితో బెజ్జాన్ని కొంచెం అరగదీసి, ముల్లు ఊగకుండా రికార్డుని చేత్తో సర్దుకోవచ్చు. ఆకురాయికి ఆడియో పత్రికలో రివ్యూ రాదు.

లేహ్యాలంటే గుర్తొచ్చింది. రికార్డులో చేరిన అయస్కాంత శక్తిని తీసేసే యంత్రం ఒకటి జపాన్ నుంచి వచ్చింది. వినైల్ అంటే ప్లాస్టిక్. స్నానాల గదిలో బక్కెట్టుకి అయస్కాంతం పెట్టి చూడండి, తెలుస్తుంది. దాని సమర్థకులు ఆ నల్లరంగులో ఏదో ఉంటుందంటారు. కేబుళ్ళు నేలకి తగలకుండా ఎత్తిపట్టే పింగాణీ కుర్చీలున్నాయి. కొత్త కేబులు వందల గంటలు వాడితే గానీ 'పండదు' అంటారు, చిత్రంగా అది పండేసరికి వాపసు గడువు పండిపోయి ఉంటుంది. ఇక ముల్లే లేకుండా లేజరు కిరణంతో గాడిని చదివే ప్లేయరుంది. పది వేల డాలర్లు దాటిన ధర. అది గాడినీ చదువుతుంది, గాడిలో ఉన్న దుమ్మునీ అంతే శ్రద్ధగా చదువుతుంది, ముల్లయితే ఆ దుమ్ముని పక్కకి తోసేసేది. అందుకని రికార్డు కడిగే యంత్రం విడిగా కొనాలి. జపాన్‌లో ఒక ముసలాయన కరెంటు స్వచ్ఛంగా ఉండాలని ఇంటి ముందు సొంత స్తంభం పాతించుకున్నాడని 2016లో వాల్ స్ట్రీట్ జర్నల్ రాసింది. పది వేల డాలర్లయిందట. ఆయన మీద నాకు కోపం లేదు. మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ పేలినప్పుడల్లా ఆయన్ని భక్తితో తలుచుకుంటాను.

"ఇవన్నీ సరేనండీ, రికార్డులో ఉండే ఆ సహజత్వం, ఎవరి చెయ్యీ పడని ఆ స్వచ్ఛత!" అంటారు. ఎవరి చెయ్యీ పడకుండా ఏ రికార్డూ పుట్టలేదు. ఉన్నదున్నట్టు కోస్తే మంద్ర స్వరాలకి గాడులు ఇంతింత వెడల్పై ఒకదాని మీదికొకటి ఎక్కేస్తాయి. అందుకని 1954 నుంచి పాటిస్తున్న ఆర్‌ఐఏఏ పద్ధతిలో, కోసేటప్పుడు మంద్రాన్ని బాగా అణిచి, తారాన్ని బాగా పెంచి కోస్తారు. రెండు కొసల్లోనూ మార్పు 20 డెసిబెల్స్ దాకా ఉంటుంది. ఇంట్లో ఫోనో స్టేజి చేసే పని ఆ వేషం తీసెయ్యడమే. ఇంకొకటి. పళ్ళెం ఒకే వేగంతో తిరుగుతుంది, కానీ ముల్లు కింద గాడి పరుగు బయటి అంచున సెకనుకి 50 సెంటీమీటర్లుంటే, చివరి పాట దగ్గరికి వచ్చేసరికి 21కి పడిపోతుంది. అందుకే మొదటి పాట స్పష్టత చివరి పాటకి ఉండదు. మీరు ఎంత మార్చినా ఈ లెక్క మారదు. మారిస్తే గిస్తే కొంచెం సన్నటి ముల్లు కొంత కప్పిపుచ్చుతుంది.

ఇక ఈ బంగారు చెవుల చరిత్రలో బంగారు అధ్యాయం. కాలిఫోర్నియాలోని సెబాస్టొపోల్‌లో మొబైల్ ఫిడెలిటీ అనే కంపెనీ ఉంది. పాత ఆల్బమ్‌లని అసలు మాస్టర్ టేపుల నుంచి మళ్ళీ కోసి, పరిమిత సంఖ్యలో అచ్చేసి, భారీ ధరకి అమ్మడం వాళ్ళ పని. అందులో 'వన్-స్టెప్' అని ఒక వరస. ఒక్కొక్కటి 125 డాలర్లు. విన్నవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకున్నారు. టేపు నుంచి నేరుగా గాడిలోకి, మధ్యలో అంకెల మైల తగల్లేదు, ఆ వెచ్చదనం అందుకేనన్నారు. డిజిటల్ నుంచి కోసిన రికార్డు తమకి రెండు నిమిషాల్లో తెలిసిపోతుందన్నారు. వాళ్ళ మాట నమ్మి ఆ రికార్డుల కోసమే ప్లేయర్లు మార్చినవాళ్ళున్నారు.

2022లో ఆ కంపెనీ మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్'ని ఇదే పద్ధతిలో 40 వేల ప్రతులు వేస్తామని ప్రకటించింది. ఒక్కో కోత నుంచి అచ్చయ్యేది కొన్నే కదా, ఇన్ని వేల ప్రతులకి ఆ అమూల్యమైన టేపుని ఎన్నిసార్లు తిప్పుతారు, సొంతదారు ఎలా ఒప్పుకున్నాడు అని కొందరికి అనుమానం వచ్చింది. జులైలో అరిజోనాలో రికార్డుల కొట్టు నడిపే ఒకాయన ఆ మాట బయటపెట్టాడు. కంపెనీవాళ్ళు ఆయన్ని పిలిచి కెమెరా ముందు కూర్చోబెట్టుకుంటే, అడిగిన ప్రశ్నకి ఇంజనీర్లు ఉన్నమాట చెప్పేశారు. టేపుని ముందు డిజిటల్‌లోకి ఎక్కించి, దాని నుంచి కోస్తున్నామని. ఎప్పటి నుంచి? 2011 నుంచి. వన్-స్టెప్ వరసలో ఒక్కటి తప్ప అన్నీ అంతే.

పదకొండేళ్ళు! పదకొండేళ్ళ పాటు ఆ చెవులు, ఆ ముళ్ళు, ఆ కేబుళ్ళు, ఆ సొంత స్తంభాలు, అంకెల గుండా వచ్చిన పాటని విని "అబ్బ, డిజిటల్ వాసనే లేదు" అన్నాయి. ఒక్క చెవి కూడా పట్టుకోలేదు. పట్టుకున్నది ఒక కూడిక. కొన్నవాళ్ళు కోర్టుకి వెళ్ళారు, రెండున్నర కోట్ల డాలర్ల మేరకి రాజీ కుదిరింది. వాళ్ళ ఫిర్యాదు పాట బాగాలేదని కాదు. పాట బాగుందని తామే చెప్పి ఉన్నారు. తమకి బాగుందనిపించిన కారణం తప్పయిందని ఫిర్యాదు. మోసం మోసమే, కంపెనీ కట్టాల్సిందే. కానీ ఆ మర్నాటి నుంచి చాలామందికి ఆ రికార్డుల్లో అంకెల కరుకుదనం స్పష్టంగా వినిపించడం మొదలైంది చూశారూ, అక్కడ నాకు ఆ పరిశ్రమ కిటుకంతా అర్థమైంది.

మన దగ్గరికి వద్దాం. మన పెద్దలు ఘంటసాల భగవద్గీతని విన్నది హెచ్‌ఎంవీ ఫియెస్టా లాంటి పెట్టెల మీద. బ్యాటరీలతో నడిచేది, మూతే స్పీకరు. టూరింగ్ టాకీసులో ఆట మొదలయ్యే ముందు ఘంటసాల వెంకటేశ్వరస్వామి పాట వేస్తే ఊరు ఊరంతా టిక్కెట్టు కోసం పరిగెత్తేది. అది తకరం కొమ్ము లౌడ్‌స్పీకరు. పెళ్ళి పందిట్లో మైకుసెట్టు కుర్రాడు 'దానవీరశూరకర్ణ' డైలాగుల ప్లేటు వేస్తే, పొలంలో ఉన్నవాడు కూడా పనాపి చెవి ఒగ్గేవాడు. ఎవరికీ ఏ తెరా అడ్డం రాలేదు.

ఆ ప్లేట్లే ఇప్పుడు పాతసామాను కొట్లోంచి మా బావమరిది లిజనింగ్ రూముకి చేరుతున్నాయి. కలకత్తా డమ్‌డమ్ ఫ్యాక్టరీలో అచ్చయి, పందిళ్ళలో దుమ్ము తిని, అరిగిన ముల్లు కింద వందలసార్లు నలిగిన ప్లేట్లవి. వాటి మీద లక్ష రూపాయల కార్ట్రిడ్జ్ పెడితే ఏమవుతుంది? ఏ పెళ్ళిలో ఏ ఇసుకరేణువు ఎక్కడ పడిందో అత్యంత స్పష్టంగా, ఎడమ పక్కనో కుడి పక్కనో కూడా తెలిసేలా వినిపిస్తుంది. కొత్తగా వస్తున్న సినిమా పాటల వినైళ్ళ సంగతి ఇంకా అన్యాయం. కంప్యూటర్లో రికార్డయి, కంప్యూటర్లో మిక్సయి, అంకెలుగానే పుట్టి పెరిగిన పాటని తీసుకెళ్ళి ప్లాస్టిక్ మీద గీయించి, వేలకి వేలు పోసి కొని, "అనలాగ్ వెచ్చదనం వేరండీ" అంటున్నారు. వెచ్చదనం నిజమే కావచ్చు. హైదరాబాదులో మేలో వింటే.

రికార్డులంటే నాకు ద్వేషమని ఎవరైనా అనుకుంటే పొరపాటు. అడుగు వెడల్పు అట్ట మీద బాపు గీసిన బొమ్మనో, వెనక అచ్చేసిన వాద్యకారుల పేర్లనో చూస్తూ, ఇరవై నిమిషాలు ఒకచోట కుదురుగా కూర్చోవడం, అయిపోగానే లేచి రెండోవైపు తిప్పడం, మధ్యలో పెట్టుబడి పథకం ప్రకటన రాకపోవడం, ఇవన్నీ నాకూ ఇష్టమే. చిటపటలు కూడా ఇష్టమే అనుకోండి. కానీ ఈ సుఖాల్లో ఒక్కటి కూడా ప్లేయరు ధరతో పెరిగేది కాదు. సూట్‌కేసు మెట్టు దాటి, మంచి పేరున్న మామూలు ప్లేయరు కొన్నరోజే మొత్తం చేతికి వచ్చేస్తుంది.

కాబట్టి నా తీర్పు ఇది. ప్లేయరుని రసమట్టం పెట్టి చదునుగా నిలబెట్టండి. కార్ట్రిడ్జ్‌ని గళ్ళ పలకతో ఒక్కసారి సరిగ్గా బిగించండి, శాఖ ఏదైనా ఫరవాలేదు. ముల్లు బరువు కంపెనీ చెప్పినంత పెట్టండి. బాగా చూసుకుంటే ముల్లు వెయ్యి గంటల దాకా వస్తుంది, అరిగాక మార్చండి, అదే రకం చాలు. రికార్డులు కడగండి. ఇంకా డబ్బు చేతిలో ఆడుతుంటే స్పీకర్ల మీద పెట్టండి, తేడా గోడ అవతలివాళ్ళకి కూడా తెలుస్తుంది.

అప్పటికీ మనసు ఆగకపోతే దుకాణానికి వెళ్ళండి. వెళ్ళి ఒక్కటే అడగండి. పాతదీ కొత్తదీ రెండూ తెర వెనక పెట్టి, రెంటి శబ్దాన్నీ మీటరుతో సమానం చేసి, ఏది ఏదో చెప్పకుండా పదిసార్లు వినిపిస్తారా అని. శబ్దం సమానం చెయ్యడం మరిచిపోనివ్వకండి, కాస్త గట్టిగా మోగేదే ఎవరికైనా బాగుందనిపిస్తుంది, ఆ సంగతి సేల్స్‌మనుకి మనకంటే బాగా తెలుసు. పదింటిలో తొమ్మిదిసార్లు గుర్తుపట్టారా, నిస్సంకోచంగా కొనుక్కోండి, ఈ వ్యాసం చించెయ్యండి. ఆ పరీక్షకి దుకాణంవాడు ఒప్పుకోకపోతే మాత్రం ఆ డబ్బుతో రికార్డులు కొనుక్కుని ఇంటికి వెళ్ళండి. వెళ్ళి, వేసిన పాటని చరణం దాకా పోనివ్వండి.